మిడతపిట్టకు రెండో సాక్షి

బ్లేక్‌హో, నార్ఫోక్
9 అక్టోబర్ 1983

కౌంటీ పక్షుల నమోదు అధికారి, గౌరవనీయులైన ఆంబ్రోస్ కెటరింగ్‌హామ్ గారి సముఖానికి,

బ్లేక్‌హో చిత్తడినేలలో పిట్టల్ని లెక్కపెట్టే విల్ఫ్రెడ్ గాట్స్ నమస్కరించి రాస్తున్నది. మేమిక్కడ క్షేమం. తమరు నారిచ్ పట్నంలో, వెచ్చటి గదిలో, మాకంటే ఎక్కువ క్షేమంగా ఉండి ఉంటారని తలుస్తాను.

తమరు తిప్పి పంపిన కాగితం నిన్న పోస్టులో చేరింది. ఈ వసంతంలో మా చిత్తడిలో పాడిన పిట్టలన్నిటి లెక్కా రాసి పంపాను కదా, అన్నిటినీ దయతో ఒప్పుకున్నారు, ఒక్కటి తప్ప. ‘మిడతపిట్ట: ఈ ఏడు ఒక్కటీ లేదు’ అని నేను రాసిన చోట ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన ‘రెండో సాక్షి కావాలి’ అని రాశారు. అది చదివి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ నిబంధన పెట్టింది ఎవరు స్వామీ? మనిద్దరం కాదూ? ఏ పిట్ట లెక్కయినా నిరుటికీ ఈ ఏటికీ మరీ తేడా వస్తే రెండో మనిషి కూడా వెళ్ళి చెవులారా విని సంతకం పెట్టాలని పబ్‌లో కూర్చుని నువ్వు చెబుతుంటే నేను రాశాను. నిన్న మొన్న బైనాక్యులర్స్ కొనుక్కుని, ప్రతి పిచ్చుకలోనూ సైబీరియా పక్షిని చూసే కుర్రకారు కోసం రాశాం. నాకోసం రాశామా? చూశావా, కోపంలో ‘తమరు’ కాస్తా ‘నువ్వు’ అయిపోయింది. అయితే అయింది.

నీ సంగతి నాకు తెలియంది కాదు. నీ పెరట్లో ఈ దేశానికి ఎప్పుడో గానీ రాని కూకుడుగువ్వ వాలిందని మ్యురియల్ ఎగిరి గంతేస్తే, నువ్వు చూడలేదు కాబట్టి కుదరదని కట్టుకున్న పెళ్ళాం మాటే కొట్టిపారేసిన ఘనుడివి. ఆవిడ నెల్లాళ్ళు నీకు చల్లారిన బంగాళాదుంపలు పెట్టింది. అది నీ ఇంటి గొడవ. నేను నీ పెళ్ళాన్ని కాదు. నలభై ఏళ్ళు నీ పక్కన వానలో నిలబడ్డవాణ్ణి.

మిడతపిట్టలు ఎందుకు పోయాయో కూడా చెప్పాను. చిత్తడి పక్క పొలం హ్యూబర్ట్ లార్టర్ తన గొడ్లని, అవి గూళ్ళు కట్టే ముళ్ళపొదల దాకా తోలాడు. పబ్‌లో పట్టుకుని నిలదీస్తే గ్లాసులోకి చూస్తూ ఏదో గొణిగాడు. తప్పు చేసినవాడు గొణక్కుండా ఏం చేస్తాడు? ఇంటికొస్తూ డల్సీ, గొడ్లు కంచె దాటి రాలేదని ఆయన నీకు ముమ్మారు చెప్పాడు, పబ్‌లో అందరికీ వినపడింది, నీకు తప్ప, అని నా మీదే విసుక్కుంది. మొగుడి మాట కంటే పక్కవాడి గొణుగుడే ముద్దు ఈ ఇంట్లో.

ఈ ఏడు బాతులు రావడం మొదలైంది. ఉత్తరపు గాలికి సముద్రం మీంచి దారితప్పిన చిన్నపిట్టలు కూడా గట్టు పొదల్లో వాలుతున్నాయి. నువ్వు లేకుండా చూస్తున్నాను. అంత మజాగా లేదు. అయినా ఎర్రసిరా వెనక్కి తీసుకునే దాకా నిన్ను పిలవను.

ఇట్లు,
సాక్షి అక్కర్లేని
డబ్ల్యు. గాట్స్


బ్లేక్‌హో
22 జనవరి 1984

ఆంబ్రోస్ గారికి,

కొత్త సంవత్సరం మీ ఇంటిల్లిపాదికీ మేలు చెయ్యాలి. మీ జవాబు అందింది. అందులో క్షమాపణ ఎక్కడుందా అని కాగితం రెండువైపులా తిప్పి చూశాను. వెలుతురుకి కూడా పట్టి చూశాను.

క్షమాపణ లేదు సరిగదా, సలహా ఒకటి. మన సంఘం కొత్తగా పెట్టిన కాపలాదారు అమ్మాయి రోవీనాని మేనెలలో వెంట తీసుకెళ్ళమంటావు. ఆ పిల్లవి లేత చెవులట. ఎంత చక్కగా అన్నావు! నావి ముదిరిపోయాయా? బెండకాయలా?

నా చెవుల గురించి నీకొక సంగతి చెబుతాను, రాసిపెట్టుకో. మొన్న తెల్లారుజామున గులాబీకాళ్ళ బాతులు సముద్రం మీంచి బీట్‌దుంపల చేలకి వస్తుంటే, పక్కలో పడుకుని, కిటికీ వేసి ఉండగా విన్నాను. ముందు విన్నది నేను. డల్సీని నేనే లేపాను. వేలకి వేలు, వరస మీద వరస. ఆ గోలకి కిటికీ అద్దాలు అదిరాయి. చెవుల పరీక్ష చేయించుకోమని ఆర్నెల్లుగా నన్ను వేపుకు తింటున్న ఆవిడ గురక పెడుతోంది. మరి ఎవరికి కావాలి పరీక్ష?

అసలు ఈ ఊళ్ళో జనానికే ఏదో వచ్చింది. అందరూ నోట్లో ఉడుకు బంగాళాదుంప పెట్టుకున్నట్టు మాట్లాడుతున్నారు. మన పాదిరీగారు మరీను. క్రిస్మస్ ఆరాధనలో ప్రార్థన అయిపోయిందనుకుని నేను గట్టిగా ఆమెన్ అన్నాను. కాలేదట. చర్చి అంతా వెనక్కి తిరిగి చూసింది. డల్సీ మొహం ఎర్రబడింది. గట్టిగా చదవని ఆయన్ని వదిలేసి అందరూ నన్ను చూడటమేమిటి?

వస్తువులూ అలాగే తగలడ్డాయి. కూత పెట్టే కెటిల్ కొత్తది తెచ్చాను. నీళ్ళు మరిగి, ఇగిరి, అడుగు మాడినా కూయలేదు. నలభై ఏళ్ళు ఇనపసామాన్ల కొట్టు నడిపి ఎన్నో కెటిళ్ళు అమ్మినవాణ్ణి, ఇంత దరిద్రపు సరుకు ఎన్నడూ చూడలేదు. తీసుకెళ్ళి వాపసు ఇస్తే, కొట్టువాడు స్టవ్ మీద పెట్టి చూసి, బాగానే కూస్తోంది గాట్స్ గారూ అన్నాడు. వాడూ గొణిగాడు.

ఇవి సరే, అసలు బాధ వేరే ఉంది. చర్చి ఆవరణలో యూ చెట్ల మీద బంగారుజుట్టు పిట్టలు ఉండేవి చూడు, బొటనవేలంతవి, సన్నగా సిసీ అనేవి. అవీ పోయాయి. చెట్ల బెరడు మీద పాకే పిట్టా పోయింది. చలి చంపిందేమో, లార్టర్ చల్లే మందులు చంపాయేమో. చిన్నగొంతు పిట్టలన్నీ ఒక్కొక్కటిగా పోతున్నాయి ఆంబ్రోస్. నాకు భయంగా ఉంది. నువ్వేమో నారిచ్‌లో కూర్చుని ఎర్రసిరా పోస్తున్నావు.

మ్యురియల్‌ని అడిగానని చెప్పు. ఆవిడ చూసింది నిజంగా కూకుడుగువ్వేనని నేనిప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పు.

ఇట్లు,
విల్ఫ్రెడ్ గాట్స్


బ్లేక్‌హో
29 ఏప్రిల్ 1984

ఆంబ్రోస్‌కి,

కులాసా ప్రశ్నలకి ఇది సమయం కాదు. నా తల ప్రాణం తోకకి వచ్చింది.

నువ్వు చెప్పినట్టే చేశాను, తప్పయిపోయింది. మేనెల దాకా ఆగడం ఎందుకని నిన్న పొద్దున్నే రోవీనాని వెంటబెట్టుకుని చిత్తడికి వెళ్ళాను. పిల్ల మంచిదే. గేటు వేసి వస్తుంది, అనవసరంగా వాగదు. రెల్లులో రెల్లుకొంగ కూస్తోంది, ఖాళీ పీపా మీద గుద్దినట్టు బూమ్మని. అది నేనే ముందు విన్నాను, ఆ పిల్లకి నేనే చూపించాను. వానకోవెలలు వచ్చేశాయి. అంతదాకా అంతా సవ్యంగానే ఉంది.

ముళ్ళపొదల దగ్గరికి వచ్చాం. నిలబడ్డాం. ఏమీ లేదు. నేను లేదన్నట్టు తల ఆడించబోతున్నాను, ఆ పిల్ల మొహం చాటంత చేసుకుని, అదుగోనండీ గాట్స్ గారూ, ఎడంపక్క ఒకటి, ఆ వెనక ఇంకోటి, ఎంత బాగా పాడుతున్నాయో అంది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ పక్క కాలవ గట్టు మీద ఒకాయన గాలం వేసుకుని కూర్చున్నాడు. గాలం చక్రం తిప్పితే వచ్చే చప్పుడూ మిడతపిట్ట పాటా ఒకేలా ఉంటాయని నీకు తెలుసు, నాకు తెలుసు. మన తొలిరోజుల్లో నువ్వే గాలాలవాడి వెనక చాటుగా పాకి, వాడు తిరిగి చూస్తే నాలిక కరుచుకున్నావు. అదే చెప్పాను ఆ పిల్లకి. అమ్మాయీ, నువ్వు విన్నది చేపలవాణ్ణి, అన్నాను. ఆయన చక్రం తిప్పట్లేదండీ, రొట్టె తింటున్నాడు, అంది. సరే, తినకముందు తిప్పాడు.

ఆ పిల్ల ఎదురు చెప్పలేదు. గట్టు దిగేటప్పుడు నా మోచెయ్యి పట్టుకుంది. ఎదురు చెప్పినా బాగుండేది. మోచెయ్యి పట్టుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంటికొచ్చి చెబితే డల్సీ, నేనూ విన్నానుగా, మొన్న పెరట్లో బట్టలు ఆరేస్తుంటే చిత్తడి వైపు నుంచి గిర్రుమని ఒకటే మోత, అంది. ఆవిడకి మిడతపిట్టకీ కుట్టుమిషనుకీ తేడా తెలియదు. నీకు తెలియకపోతే నోరు మూసుకో అన్నాను. నేను మూసుకున్నా తెరిచినా నీకొకటేగా ముసలాడా అంది.

ఇక తాడో పేడో తేల్చేద్దాం. నువ్వే రా. ఎవరి చెవులూ వద్దు, నీ చెవులు కావాలి. లేదన్న లెక్కకి రెండో సాక్షిగా నువ్వు తప్ప ఈ కౌంటీలో ఇంకెవరినీ నేను ఒప్పుకోను. మనం ఎప్పుడూ నిలబడే పొద దగ్గరే తెల్లారుజామున నిలబడదాం. నువ్వు వినలేదా, సంతకం పెట్టు. విన్నావా, ఆ పొద్దున్నే చిత్తడి గేటు తాళంచెవి ఆ పిల్ల చేతిలో పెట్టేస్తాను. లెక్కలు చూసేదింక ఆ పిల్లే. మళ్ళీ ఆ వైపు వెళ్ళను.

మాట తూలుతున్నానని అనుకోకు. కొట్టు అమ్మేశాక నాకు మిగిలింది ఆ లెక్క ఒక్కటేరా. పొద్దున లేవడానికి ఒక కారణం ఉండాలి కదా. దాన్నే పందెం కాస్తున్నానంటే నా చెవుల మీద నాకెంత నమ్మకమో నువ్వే అర్థం చేసుకో.

మోకాలు నొప్పని వంకలు చెప్పకు. బస్సు మా గుమ్మం ముందే ఆగుతుంది.

విల్ఫ్రెడ్


బ్లేక్‌హో
3 జూన్ 1984

ఒరేయ్ ఆంబ్రోస్,

నువ్వు క్షేమంగా ఇల్లు చేరావని మ్యురియల్ ఫోన్ చేసి చెప్పిందట. సంతోషం. ఇక్కడ మాత్రం క్షేమం అని రాయడానికి వీల్లేకుండా ఉంది. గెలిచింది నేను, కానీ ఈ ఇంట్లో ఎవరో పోయినట్టుంది.

ఏం జరిగిందో నీకు తెలుసు, అయినా కాగితం మీద ఉండటం మంచిదని రాస్తున్నాను. పొద్దు పొడవకముందే మనిద్దరం పొద దగ్గరున్నాం. గాలి లేదు. నువ్వు ఆ బూజు పట్టిన ఆకుపచ్చ కోటే వేసుకొచ్చావు, మ్యురియల్ దాన్ని ఇంకా పారెయ్యలేదంటే ఆవిడ ఓర్పుకి దణ్ణం పెట్టాలి. ఫ్లాస్కులో టీ తాగాం. కాళ్ళు మొద్దుబారే దాకా నిలబడ్డాం. చివరికి నువ్వు తల అడ్డంగా ఊపి, లేదురా విల్ఫ్, ఒక్క ముక్క వినపడలేదు, నీదే నిజం, అన్నావు. మోకాలి మీద కాగితం పెట్టుకుని సంతకం చేశావు. లార్టర్ గొడ్ల సంగతి మాత్రం రాయనన్నావు. ఎందుకని అడిగాను. ఏదో గొణిగావు. నువ్వూ మొదలుపెట్టావు గొణగడం.

గేటు దగ్గర రోవీనా ఎదురైంది. విన్నారా అని నిన్ను అడిగింది. లేదమ్మా అన్నావు. ఆ పిల్ల తన బూట్లకేసి చూసుకుంది. పెద్దాయన మాట కాబట్టి ఊరుకుంది. తప్పు ఒప్పుకోవడం ఈ కాలపు పిల్లలకి ఎవరూ నేర్పరు.

ఇంట్లో డల్సీ ఎలా చేసిందో నువ్వే చూశావు. పొగబెట్టిన చేపలు ప్లేట్లలో వెయ్యలేదు, విసిరింది. మీ ఇద్దరిదీ నలభై ఏళ్ళ స్నేహం, ఇద్దరికీ కలిపి ఒక్క బుర్ర, అని నా మొహం మీదే అరిచింది. అది మాత్రం స్పష్టంగా వినపడింది. గెలిచినవాడికి కనీసం వేడి టీ అయినా పొయ్యరా? నువ్వెళ్ళాక నాతో ఒక్క మాట లేదు. అడిగితే, ఏం మాట్లాడను, నీకు నచ్చినవాళ్ళు మాట్లాడింది వింటావుగా, అంటుంది.

అయినా సరే. ఎర్రసిరా పోయింది, నా లెక్క నిలబడింది, తాళంచెవి నా జేబులోనే ఉంది. వచ్చే ఏడు కూడా ఈ చిత్తడి నాదే. సంఘం పుస్తకంలో ‘మిడతపిట్ట: లేదు’ అని అచ్చవుతుంది, కింద నీ పేరూ నా పేరూ పక్కపక్కన ఉంటాయి. దానికి ధన్యవాదాలు.

మ్యురియల్‌కి నా నమస్కారం.

నీ
విల్ఫ్

తా.క. ఈ ఉత్తరం కవర్లో పెట్టి, అంటించి, పోస్టు డబ్బా దాకా వెళ్ళి వెనక్కి తెచ్చాను. మర్నాడూ అంతే. ఇప్పుడు కవరు చింపి ఇది రాస్తున్నాను.

మనిద్దరిలో పిట్టని ఎవరు ముందు వింటే వాళ్ళు వేలెత్తుతాం, రెండోవాడు వాగుడు ఆపాలని. ఆ పొద్దున నువ్వు మ్యురియల్ పళ్ళ డాక్టరు సంగతేదో చెబుతూ, మాట మధ్యలో ఆగి, వేలెత్తావు. వెంటనే ఆ వేలితోనే ముక్కు గోక్కున్నావు. నటించడం నీకు చాతకాదురా. నువ్వు ఫ్లాస్కు మూత వెతుక్కుంటుంటే, ఆ వేలు ఎటు లేచిందో అటు నేను బైనాక్యులర్స్ పెట్టాను. పొద చివర ఎండుకొమ్మ మీద బయటికే కూర్చుని ఉంది. అంత దగ్గరగా, అంత బాగా మిడతపిట్టని నా జన్మలో చూడలేదు. నోరు బార్లా తెరిచి ఉంది. తల అటూ ఇటూ తిప్పుతోంది. గొంతు వణుకుతోంది, ఒళ్ళంతా వణుకుతోంది. ఒక్క చప్పుడు లేదు.

నువ్వు లేదన్నావు. నేను ఊఁ కొట్టాను. ఇన్నేళ్ళలో ఎవరి మొహం చూసీ ఒక్క తప్పుడు లెక్క ఒప్పుకోనివాడివి, నాకోసం సంతకం పెడుతుంటే పెన్ను నేనే ఇచ్చాను. నీకు నామీద అంత ప్రేమ ఉందని తెలిసి ఏడుపొచ్చింది. కానీ అది అచ్చయితే నేను తలెత్తుకోలేను, నువ్వూ ఎత్తుకోలేవు.

ఆ కాగితం చింపెయ్. ‘మిడతపిట్ట: ఉంది. విన్నది కెటరింగ్‌హామ్, చూసింది గాట్స్’ అని రాయి. మిగతావి ఎన్నో ఆ పిల్లని అడుగు. తాళంచెవి ఇవాళ ఆ పిల్లకి ఇచ్చేశాను. తీసుకుని, నా మొహానికి ఎదురుగా వచ్చి నిలబడి, నేను వింటానండీ, మీరు చూడండి, అని గట్టిగా చెప్పింది. ఆలోచించి చెబుతానన్నాను. లార్టర్ ఇంటికి రేపు వెళ్తాను. ఆస్పత్రికి గురువారం రమ్మన్నారు. వాళ్ళిచ్చే చెవి మిషను పెట్టుకున్నా అంత సన్నటి పాట తిరిగి రాకపోవచ్చని డల్సీ ముందే చెప్పింది, నా చెయ్యి పట్టుకుని. పట్టుకోనిచ్చాను.

నాకు ఒక్కటి చెప్పు. నేను బైనాక్యులర్స్ దించేశాను, తర్వాత సంగతి నాకు తెలియదు. ఎంతసేపు పాడిందిరా? మనం అక్కడ నిలబడ్డంతసేపూ పాడుతూనే ఉందా? అది రాయి.